మొదటి ముద్ద

రామభద్రరాజు మనసులో నిర్ణయం అప్పటికే అయిపోయింది. దానికి బాబా చేత ‘ఊ’ అనిపించుకుందామనే ఆ గురువారం ఉప్పుటేరు దాటి దర్గాకి బయల్దేరాడు.

భీమవరం అవతల అతనికి రొయ్యల ఫ్యాక్టరీ ఉంది. చెరువుల మీంచి వచ్చిన రొయ్యల్ని తలలు తీయించి, కడిగించి, గడ్డకట్టించి, అట్టపెట్టెల్లో సర్ది, ఓడ మీద స్పెయిన్‌కి పంపుతాడు. మొట్టమొదటి కంటైనర్ పంపేటప్పుడు కాళ్ళూ చేతులూ ఆడక, ఎవరో చెబితే సముద్రం ఒడ్డున ఉన్న ఈ దర్గాకి వచ్చాడు. అప్పట్నుంచి రహ్మతుల్లా బాబాకి శిష్యుడైపోయాడు. ఓడెక్కే ప్రతి సరుకులోంచీ ఒక పెట్టె దర్గా వంటింటికి పంపడం ఆనవాయితీ పెట్టుకున్నాడు. ఆ పూట అక్కడ అన్నానికి వచ్చినవాళ్ళందరికీ రొయ్యల కూరే.

ఈసారి సరుకు సిద్ధమయ్యాక తుపాను పట్టుకుంది. కరెంటు పోయింది. జనరేటర్ గదిలోకి నీళ్ళొచ్చాయి. గాలి తగ్గి, రోడ్డు తేలి, మనుషులు ఫ్యాక్టరీ చేరేసరికి రెండు రోజులు గడిచాయి. చల్లగది తలుపు తీస్తే గడప కింద నీళ్ళు పారుతున్నాయి. పెట్టెల మూలలు మెత్తబడి ఉన్నాయి.

భద్రరాజు ఒక పెట్టె విప్పి రెండు రొయ్యలు అరచేతిలోకి తీసుకున్నాడు. వాసన చూద్దామని ముక్కు దాకా తీసుకెళ్ళబోయి, ఎందుకో సగంలోనే చెయ్యి దించేశాడు. కుళాయి దగ్గర రెండుసార్లు సబ్బుతో కడుక్కున్నాడు.

తర్వాత కరెంటొచ్చింది. తెల్లారేసరికి సరుకంతా మళ్ళీ రాయిలా బిగిసిపోయింది.

“ఏం తేడా ఉంది, చూడు బావా” అన్నాడు బావమరిది విశ్వనాథరాజు, ఒక పెట్టెని గుద్ది చూపిస్తూ. “కొన్నవాడు పచ్చివి తింటాడా? ఉడికించుకునేగా తినేది. ఈ సరుకు వెళ్ళకపోతే ఆ కొనుగోలుదారు ఇంకొకడి దగ్గరికి పోతాడు. ఆ పైన ఫ్యాక్టరీ తలుపు మూసుకోవడమే. రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళందరికీ నువ్వే చెప్పు, రేపట్నించి రావొద్దని.”

అందులో అబద్ధమేమీ లేదు. ఆ ఆడవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే కళ్ళముందు కదిలాయి. భద్రరాజు తల ఊపాడు. సరుకు కంటైనర్లోకి ఎక్కింది. లారీ విశాఖ రేవుకి దారి పట్టింది. మధ్యాహ్నానికల్లా గేటు లోపల ఉండాలి. ఆ వేళ దాటితే ఓడ దొరకదు.

అతను వెళ్ళేసరికి బాబా వరండాలో చాప మీద కూర్చుని కొబ్బరి పీచుతో తాడు పేనుతున్నారు.

“రా భద్రం. ఇల్లూ వాకిలీ క్షేమమేనా?”

“క్షేమమే బాబా. లారీ రేవుకి వెళ్తోంది. సరుకు భద్రంగా చేరాలని దువా చెయ్యండి.”

బాబా చేతులు ఆగాయి. “ఎప్పుడూ బండి కదలకముందే వచ్చేవాడివి.”

భద్రరాజు చాప అంచున కూర్చున్నాడు.

“సరుకు బాగుందా?”

“బాగుంది.” అంతటితో ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేకపోయాడు. “తుపానుకి కరెంటు పోయి కాస్త మెత్తబడింది బాబా. మళ్ళీ గట్టిపడిందనుకోండి. ఉడికిస్తే ఏమీ కాదు.”

“ఏమీ కాదా?”

“ఏమీ కాదు.”

బాబా కాసేపు అతని మొహంలోకే చూశారు. మళ్ళీ తాడు అందుకున్నారు. “సరే. అన్నం తిని దువా చేద్దాం.”

అప్పుడు తగిలింది వాసన. వేగిన ఉల్లిపాయలు, పుల్లటి గోంగూర, వాటి అడుగున ఇంకొకటి. భద్రరాజు లేచి వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. వంట చేసే కాశింబీ పెద్ద డేగిసాలో గరిటె తిప్పుతోంది.

“ఏం కూరమ్మా?”

“ఏం కూరేంటండీ రాజుగారూ, మీరు పంపినవే. మీ జీపు పొద్దున్నే వచ్చి పెట్టె దించి వెళ్ళింది.”

పంపమని అతను ఎవరికీ చెప్పలేదు. పంపొద్దని కూడా చెప్పలేదు.

“బాగా ఉడికాయా?”

“ఎప్పుడో ఉడికాయి.”

“ఇంకాసేపు ఉడకనీ.”

“ఇంకా ఉడికితే రబ్బరైపోతాయండీ. ఎవరు నములుతారు?” అంది కాశింబీ నవ్వి.

అతను నవ్వలేదు. మంట వైపే చూస్తూ నిలబడ్డాడు. కూర కుతకుత ఉడుకుతోంది. ఇంత వేడికి ఏం మిగులుతుంది, ఏమీ మిగలదు అని తనకి తానే చెప్పుకున్నాడు. వెనక్కి వచ్చి బాబా పక్కన కూలబడ్డాడు.

తుపానుకి వేట లేక పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. ఆ రోజు జనం ఎక్కువగా వచ్చారు. జాలరులూ, వాళ్ళ తల్లులూ, పిల్లలూ వరండా పొడుగునా కూర్చున్నారు. నిండు చూలాలైన కాశింబీ కోడలు స్తంభానికి నడుం ఆనించుకుని చివర్లో కూర్చుంది. ఆకులు పడ్డాయి. అన్నం పడింది. కూర పడుతూ వస్తోంది.

“నాకు ఇంకాస్త వెయ్యత్తా, రెండు ప్రాణాలకి పెట్టాలిగా” అంది కోడలు. కాశింబీ ఇంకో గరిటె వేసింది.

భద్రరాజు జేబులో ఫోను మోగింది. విశ్వనాథరాజు. “లారీ గేటు ముందు వరసలో ఉంది బావా. ఇంకాసేపట్లో లోపలికెళ్ళిపోద్ది. ఇక నిశ్చింతగా ఉండు.”

భద్రరాజు ఫోను కట్టేశాడు.

దర్గాలో ఒక పద్ధతుంది. బాబా మొదటి ముద్ద తినేదాకా ఎవరూ ఆకులో చెయ్యి పెట్టరు. ఆకలితో ఉన్న పిల్లలు కూడా బాబా చేతినే చూస్తూ కూర్చున్నారు.

“కలుపుకో భద్రం” అన్నారు బాబా.

భద్రరాజు కూరలో వేళ్ళు పెట్టాడు. కలిపాడు. కలుపుతూనే ఉన్నాడు. ఆ రోజు ముక్కు దాకా తేకుండానే దించేసిన రెండు రొయ్యలూ ఇప్పుడు ముక్కు ముందుకొచ్చి నిలబడ్డాయి.

ఎవరో ఒకరు ఏదో అంటారని చూశాడు. వాసన బాగాలేదనో, రంగు మారిందనో. ఎవరూ ఏమీ అనలేదు. వాళ్ళకి ఇది రాజుగారు పంపిన కూర.

బాబా ‘బిస్మిల్లా’ అన్నారు. ఒక పెద్ద రొయ్యను ఏరి, ముద్దలో పెట్టి, మెల్లగా నోటి దగ్గరికి తీసుకెళ్ళారు.

భద్రరాజు ఆయన మణికట్టు పట్టేసుకున్నాడు.

ముద్ద చెదిరి మెతుకులు చాప మీద పడ్డాయి. బాబా చెయ్యి అలా పట్టుకున్నవాణ్ణి అక్కడ ఎవరూ చూసి ఉండరు.

“వద్దు బాబా.”

బాబా చెయ్యి విడిపించుకోలేదు. “ఏమీ కాదన్నావుగా?”

భద్రరాజు తల ఎత్తలేకపోయాడు. “ఎవరూ తినొద్దు” అన్నాడు. “కాశింబమ్మా, ఆకులు తీసెయ్యి. ముందు నీ కోడలిది తియ్యి.”

కాశింబీ ఒక్క క్షణం అతన్నీ, బాబానీ చూసింది. గరిటె కింద పెట్టింది. గబగబా వెళ్ళి కోడలి ముందున్న ఆకు లాగేసింది. తర్వాత వరసగా ఒక్కో ఆకూ మడిచి ఎత్తింది. లోపల్నించి కొత్త ఆకులూ, అన్నమూ, మజ్జిగ కుండా, ఉప్పూ, పచ్చిమిరపకాయలూ వచ్చాయి.

భద్రరాజు ఇంకా ఆ మణికట్టు పట్టుకునే ఉన్నాడు.

“అసలేమీ కాకపోవచ్చు కూడా బాబా” అన్నాడు చివరికి, బతిమాలుతున్నట్టు. “నిజంగానే ఏమీ కాకపోవచ్చు.”

“కాకపోవచ్చు” అన్నారు బాబా.

కోపం లేదు ఆ మాటలో. రెండో చేత్తో ఆయన భద్రరాజు వేళ్ళని ఒక్కొక్కటే విడదీశారు.

“నేను పక్కనే కూర్చున్నాను కాబట్టి నీ చెయ్యి అందింది భద్రం.”

ఆయన చెయ్యి కడుక్కున్నారు. మజ్జిగన్నం కలుపుకోవడం మొదలుపెట్టారు.

వరండా అవతల సముద్రం ఇంకా బురద రంగులోనే ఉంది. భద్రరాజు చాలాసేపు అటు చూశాడు. తర్వాత లేచి, కూర అంటిన చెయ్యి కడుక్కోకుండానే మెట్లు దిగి, ఎడంచేత్తో లారీ డ్రైవరుకి ఫోను చేశాడు.

“ముసలయ్యా, ఎక్కడున్నావు?”

“గేటు దగ్గరేనండి. నా ముందు ఒక్క బండే ఉంది.”

“లోపలికెళ్ళకు. వెనక్కి తిప్పు.”

“విశ్వనాథరాజుగారు ఇప్పుడే ఫోను చేసి, లోపల పెట్టెయ్యమన్నారండి.”

“నేను చెబుతున్నాను, తిప్పు.”

అవతల బండ్ల హారన్లు మోగుతున్నాయి. తర్వాత బరువుగా గేరు మారిన చప్పుడు వినిపించింది.