చీపురుపుల్ల పరీక్ష

ఓబులేసు బిగించిన మోటార్లలో ఏడోది మొండికేసింది. పదిసార్లు మీట నొక్కితే తొమ్మిదిసార్లు పచ్చదీపం వెలుగుతుంది, పదోసారి ఎర్రగానే ఉండిపోతుంది. తెల్లారితే ప్రారంభోత్సవం. అన్నం సయించడం లేదతనికి.

గుంతకల్లులో ఒక బడి పిల్లల కోసం పెద్ద బల్ల మీద కట్టిన బొమ్మరైలు దారి అది. రైలు ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్లే ప్రతిచోటా, కదిలే పట్టాను పక్క పట్టాకు ఆనించడానికి బల్ల కింద ఒక మోటారు ఉండాలి. అది చివరిదాకా తిరిగితే పచ్చదీపం, మధ్యలో ఆగితే ఎర్రదీపం. పని నేర్పుతున్నది దస్తగిరి. ముప్పైయేళ్లు అసలు రైళ్లకు ఇదే పని చేసి రిటైరైన మనిషి. ఇక నీ పని నువ్వు చూసుకోగలవు అని ఆయన నోట అనిపించుకోవాలని ఓబులేసు మూడు నెలలుగా తపించిపోతున్నాడు.

అందుకే ఆ చిన్న మోటారును పీకేసి, మూడింతల బలమున్నదాన్ని తెచ్చి బిగించాడు. పదికి పదిసార్లూ పచ్చదీపమే. ఇక రాయి అడ్డమొచ్చినా ఆగదని గురువు దగ్గర గొప్పలు కూడా పోయాడు.

దస్తగిరి మూలనున్న చీపురులోంచి ఒక పుల్ల లాగాడు. గోరంత ముక్క తుంచి రెండు పట్టాల సందులో పెట్టాడు.

"ఇప్పుడు నొక్కు."

మోటారు గుర్రుమంది. పట్టాను తోసే దాని తీగ విల్లులా వంగింది. పుల్ల కదల్లేదు, సందు పూడలేదు. పచ్చదీపం మాత్రం ఠంచనుగా వెలిగింది. దస్తగిరి రైలును వదిలితే ఏడో మలుపులో పక్కకు ఒరిగి పడింది.

ఆయనే వంగి పాత మోటారును మళ్లీ బిగించాడు. పుల్ల తీయకుండానే నొక్కమన్నాడు. అది సగం దాకా తోసి ఆగిపోయింది. దీపం ఎర్రగానే ఉంది.

"దీనికి చేతకావడం లేదు సార్," అన్నాడు ఓబులేసు.

"కాలేదని చెప్తోంది గదప్పా. కాలేదని చెప్పలేనిది అయిందంటే ఎట్ల నమ్మేది?"

ఓబులేసు పుల్ల తీసేసి, భూతద్దం పట్టుకుని ఏడో మలుపు మీదికి వంగాడు. పట్టా ఆనేచోట ఎండిన జిగురు ఆవగింజంత ఉంది. అది తన చేతి పనే. సిగ్గుపడుతూ గీకేశాడు.

మర్నాడు పిల్లలంతా బల్ల చుట్టూ చేరారు. హెడ్‌మిస్ట్రెస్ పద్మావతమ్మ రిబ్బన్ కత్తిరించి రైలు వదలమన్నారు. ఓబులేసు మీట నొక్కాడు. మూడో మలుపు దగ్గర ఎర్రదీపం. పిల్లలు గొల్లున నవ్వారు.

"ఇంకా కాలేదు మేడమ్. కాసేపు కూర్చోండి," అన్నాడు ఓబులేసు. గొంతులో తొట్రుపాటు లేదు. కుంచె తీసుకుని, మోకాళ్ల మీద కూర్చుని, పట్టాల మధ్య ఇసుకరేణువేమైనా ఇరుక్కుందేమోనని తీరిగ్గా వెతకసాగాడు. అతనికి ఎందుకో మనసంతా హాయిగా ఉంది.

వెనక దస్తగిరి లేచి చెప్పులు తొడుక్కున్నాడు. రైలు కదలకముందే వెళ్లిపోతున్నారేమని పద్మావతమ్మ అడిగారు.

"చూడాల్సింది చూసినానమ్మా," అన్నాడాయన.