తన గిరి తానే గీసుకున్న తిప్పక్క

అనగనగా అంటే ఎన్నాళ్లనుకున్నారు? మా ఊళ్లో రూపాయి మొహం ఎవరూ చూడని నాళ్లు. కూలీ జొన్నల్లోనే, అప్పూ జొన్నల్లోనే. ఆ నాళ్లలో తిప్పక్క అని ఒక ఆడమనిషి ఉండేది. అరిగిన తిరగళ్లకు, రోళ్లకు ఉలితో గాట్లు పెట్టడం ఆమె పని. పొద్దున్నే ఉలి, సుత్తి సంచిలో వేసుకుని వీధుల్లో కేక పెట్టుకుంటూ పోయేది.

"తిరగలికి గాట్లు పెడతానమ్మా! రోటికి గాట్లు పెడతానమ్మా!"

ఆ కేకకు చంకలో పిల్లలు కూడా తల తిప్పి చూసేవాళ్లట. అంత గొంతు.

మొగుడికి జబ్బు చేస్తే వైద్యానికి గానుగ సిద్ధప్ప దగ్గర జొన్నలు అప్పు తెచ్చింది. మొగుడు దక్కలేదు, అప్పు మిగిలింది. తూము గింజలు తెస్తే ఏడాదికి తూమున్నర కొలవాలి. సిద్ధప్పకు కొలవడానికి మేకల ఈరన్న దగ్గర తెచ్చింది. ఈరన్నకు కొలవడానికి గాదె రామక్క దగ్గర తెచ్చింది. రామక్కకు కొలవడానికి మళ్లీ సిద్ధప్ప దగ్గరికే పోయింది. నవ్వకండి, మన ఇళ్లల్లో జరగందేమీ కాదు.

మా సీమలో ఒక ఆచారం ఉండేది. బాకీ ఉన్న మనిషి ఎదురుపడితే, అప్పు ఇచ్చినవాళ్లు కర్రతో ఆ మనిషి చుట్టూ నేల మీద గిరి గీసేవాళ్లు. ఫలానా రోజుకు ఇస్తానని మాట ఇచ్చేదాకా ఆ గీత దాటకూడదు. ఎండైనా సరే, వానైనా సరే.

సిద్ధప్ప గిరి గీశాడు. "ఉగాదికి ఇస్తా" అని బయటపడింది. ఆ వీధిలో కేక మానేసింది. ఈరన్న గిరి గీశాడు. "కోతలకు ఇస్తా" అని బయటపడింది. ఆ వీధిలో కేక మానేసింది. రామక్క గిరి గీసింది. "దసరాకు ఇస్తా" అని బయటపడింది. ఆ వీధిలోనూ కేక మానేసింది.

ఊరికి ఉన్నవే మూడు వీధులు. కేక పెడితే అప్పులవాళ్లు వస్తారు. పెట్టకపోతే పని రాదు. కూడు పెట్టే గొంతునే కొంగుతో మూసుకుని తిరిగింది, పిచ్చితల్లి.

దసరా వెళ్లిపోయింది. సిద్ధప్ప గుడిసె ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఉలీ సుత్తీ ఇయ్యి. ఇనుమన్నా మిగుల్తాది."

"ఉలి పోతే ఏం తిని బతకాల అన్నా?"

"అదంతా నాకు చెప్పద్దు. మూడు పొద్దులు చూస్తా. నాలుగో పొద్దు నేనే తీసకపోతా."

రెండు పొద్దులు కూర్చుని ఏడ్చింది. మూడో పొద్దున మూట కట్టుకుని ఊరు వదిలి బయల్దేరింది. దారి చావడి మీదుగానే పోతుంది. చావడి పెద్ద బసన్న చూడనే చూశాడు.

"తిప్పక్కా, యాడికి పోతాండావు?"

అబద్ధం నోటికి రాలేదు. ఉన్నదంతా చెప్పేసింది.

"మొత్తం ఎంత ఇయ్యాల?"

"తెలీదయ్యా. లెక్క వేసుకోవాలంటేనే భయం."

బసన్న గులకరాళ్లు ఏరించి, తూముకు ఒక రాయి చొప్పున పెట్టించాడు. పదహారు వచ్చాయి. తిప్పక్క ముందు "ఇంతేనా?" అందట. ఆ తర్వాత గట్టిగా ఏడ్చిందట.

"సూడు తల్లీ, మన తాతల నాటి కట్టుబాటు ఒకటుంది" అన్నాడు బసన్న. "ఎదుటోళ్లు గీసిన గిరిలో మాటియ్యాల. తన గిరి తానే గీసుకుంటే నిజం చెప్తే చాలు. అప్పులోళ్లంతా ఒకే పొద్దు రావాల. చావడి చెప్పింది అందరూ ఒప్పుకోవాల."

"మరి ఎవరూ గీసుకోరేం?"

"సిగ్గు. ఎవరికెంతో ఊరందరి ముందరా చెప్పాల. సిగ్గుపడి ఊరొదిలినోళ్లు ఉండారు గానీ, గీసుకుని నిలబడినోళ్లు నాకు తెలిసి లేరు."

తిప్పక్క మూట కింద పెట్టింది. తర్వాత సంచిలోంచి ఉలి తీసి, చావడి ముందు తన చుట్టూ తానే గిరి గీసుకుంది. నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసేసి కేక పెట్టింది.

"గానుగ సిద్ధన్నా, ఏడు తూములు! మేకల ఈరన్నా, ఐదు తూములు! గాదె రామక్కా, నాలుగు తూములు! బాకీ ఉండా! ఇచ్చుకోలేను! రాండి!"

ఒక్కో వీధి వైపు తిరిగి ఒక్కోసారి, మొత్తం మూడుసార్లు పెట్టింది. ఊరు ఊరంతా వచ్చింది. కొందరు నవ్వారు. వాళ్ల పేర్లు ఇప్పుడెవరికీ గుర్తులేవు.

"తిండి పోను ఏడాదికి ఎంత మిగుల్తాది?" అడిగాడు బసన్న.

"మూడు వీధుల్లో కేక పెట్టనిస్తే రెండు తూములు."

"నాకు ఉలి ఇప్పించండి" అన్నాడు సిద్ధప్ప.

"ఉలి తీసుకుంటే ముగ్గురికీ ఏమీ రాదు. ఇంకేమన్నా ఉంటే చెప్పు."

సిద్ధప్ప ఉలి మాట వదిలేశాడు. "మనిషే పోతే గింజలు ఎవరు కొలుస్తారు? నేను ఒప్పుకుంటా" అంది రామక్క. ఈరన్నా తల ఊపాడు.

తీర్పు అయింది. ఉలి, సుత్తి, వండుకునే కుండ ఎవరూ ముట్టకూడదు. వడ్డీ ఈ పొద్దుతో సరి. మూడేళ్లు మిగిలిన గింజలు ముగ్గురూ ఎవరి బాకీని బట్టి వాళ్లు పంచుకోవాలి. ఆ పైన మిగిలిన బాకీ ఇక లేనట్టే. అందాకా ఆమెకు ఎవరూ గిరి గీయకూడదు.

మర్నాడు మూడు వీధుల్లోనూ కేక వినబడింది. మొదటి ఏడాది రెండు తూములు కొలిచింది. రెండో ఏడాది రెండు తూములు కొలిచింది. మూడో ఏడాది రెండు తూములు కొలిచి, చేతులు దులుపుకుని, కంటినిండా నిద్రపోయింది.

కొన్నేళ్లకు సిద్ధప్ప గానుగ తగలబడింది. పక్క ఊళ్లనిండా అప్పులు. ఇల్లు కదలక, ఎవరికీ మొహం చూపించక గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తిప్పక్క పోయి అతని చేతిలో ఉలి పెట్టింది.

"లెయ్యన్నా. నువ్వు గీసుకో. నేను పక్కన నిలబడతా."

అతను గీసుకున్నాడు. ఆమె చెంబుతో నీళ్లు పట్టుకుని పొద్దు వాలేదాకా గీత పక్కనే నిలబడింది.

తిప్పక్క ముసలిదై కన్నుమూసింది. పాడె ఎత్తేముందు ఆచారం ప్రకారం అడిగారు.

"ఈయమ్మ ఎవరికన్నా బాకీ ఉండాదా?"

ముసలి సిద్ధప్ప ముందుకొచ్చాడు. "లేదు. నేనే ఆయమ్మకు బాకీ" అని పాడె కింద భుజం పెట్టాడు.

ఇప్పటికీ మా వైపు ఎవరైనా అప్పు మోయలేక చావడి ముందు గిరి గీసుకుంటే నవ్వరు. "తిప్పక్క గిరిలో ఉండాడు" అంటారు. ఎవరో ఒకరు చెంబుతో నీళ్లు తెచ్చి పక్కన నిలబడతారు. మా తాత పక్కన కూడా ఎవరో నిలబడ్డారు. ఎవరో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. ఆ పొద్దు ఆయన ఊరు వదిలిపోలేదు కాబట్టే, నేను ఈ ఊళ్లో పుట్టి ఈ కథ మీకు చెబుతున్నాను. ఆ తల్లికి ఒక దండం పెట్టి, ఇక లేవండి.