తామ్రాక్షుడి వేలు

తామ్రాక్షుడి చెయ్యి విప్లవ్‌కి నాలుగు రోజులుగా కుదరడం లేదు. మట్టితో ఎన్నిసార్లు చేసినా అరటిపళ్ళ అత్తంలా వస్తోంది.

తామ్రాక్షుడంటే ఒకప్పటి పిల్లల బొమ్మల కథల్లో రాక్షసుడు. సూర్యబాణం అనే వీరుడికి బద్ధశత్రువు. ఎవరి మీదికి వేలు చూపిస్తే వాళ్ళు నిలబడ్డచోటే రాగిబొమ్మ అయిపోతారు. టీవీ సీరియల్లో వాడికి కొమ్ములు, మసి పూసిన ఒళ్ళు. సినిమాలో సగం కాలిన ముఖం. ఆ రెండు వేషాలూ మేకప్ గురువు ఏకాంబరం చేసినవే. ఇప్పుడు వెబ్ సిరీస్ తీస్తున్నారు. ఈసారి వేషం తయారుచేసే పని శిష్యుడు విప్లవ్‌ది.

దాన్ని అతను పోట్లాడి గెలుచుకున్నాడు. సోమవారం డైరెక్టరు వర్క్‌షాపుకి వచ్చినప్పుడు, పాత ఫొటోలు బల్ల మీద పరిచి గురువు ముందే విరుచుకుపడ్డాడు.

"నలుపంటే చెడ్డా? మచ్చ ఉంటే దుర్మార్గుడా? అందం పాలకుల ఆయుధం సార్! ఈ వేషాలు అణగారిన వాళ్ళ మీద దాడి!"

ఏకాంబరం ఆ ఫొటోల వంక చాలాసేపు చూశాడు. "నిజమేరా. తప్పే చేశాను" అన్నాడు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. విప్లవ్ ఆగలేదు. మూల కుట్టుమిషను మీద సైదమ్మ ఏదో అంగరఖా కుడుతోంది. ఎప్పుడో స్టవ్వు పేలి ఆవిడ కుడిచెంప కాలిపోయింది. విప్లవ్ చెయ్యి బారుగా చాపి వేలు చూపించాడు.

"అదిగో, ఆవిణ్ణి చూడండి! ఆ ముఖాన్నే కదా రాక్షసుడికి తగిలించారు!"

మిషను ఆగిపోయింది. సైదమ్మ కదల్లేదు. డైరెక్టరు నేలచూపులు చూశాడు. కాసేపటికి ఆవిడ కొంగు లాక్కుని చెంప మీద కప్పుకుంది.

పన్నెండేళ్ళుగా ఆ చెంపతోనే ఆ గదిలో నవ్విన మనిషి. "టీ తాగుతావా విప్లవ్ బాబూ, లేకపోతే దాని మీద కూడా సమ్మేనా?" అని రోజూ ఆటపట్టించే మనిషి. ఆ రోజు నుంచి కొంగు దిగలేదు. మాటా లేదు.

నేను ఆవిడ పక్షానే కదా మాట్లాడాను, అని విప్లవ్ తనకి తాను చెప్పుకుంటూనే ఉన్నాడు. చెప్పుకున్నకొద్దీ అన్నం సయించడం మానేసింది.

శుక్రవారం మట్టిముద్ద బల్లకేసి కొట్టాడు. "గురువుగారూ, ఇది నా వల్ల కాదు. బతికున్న చేతికి అచ్చు తీద్దాం. ఎవరి చెయ్యి బాగుంటుంది?"

ఏకాంబరం లేచి, అచ్చు తీసే పొడిని బకెట్లో నీళ్ళు పోసి జావలా కలిపాడు. అది గడ్డకట్టేదాకా చెయ్యి అందులో కదలకుండా ఉంచాలి. తర్వాత ఆ గుంటలో ప్లాస్టర్ పోస్తే చెయ్యి ఉన్నదున్నట్టు వచ్చేస్తుంది.

"నీదే పెట్టు" అన్నాడు.

"ఎలా పెట్టమంటారు?"

"సోమవారం పెట్టినట్టు."

మిషను చప్పుడు ఆగింది. విప్లవ్ తల తిప్పే ధైర్యం లేక చెయ్యి జావలో ముంచాడు. వేలు చాపాడు. అది చాపిన చోట నిలవలేదు, వంగిపోతోంది. మళ్ళీ చాపాడు. మళ్ళీ వంగింది. ఈలోగా జావ బిగుసుకుంది.

"సైదమ్మక్కా..." అన్నాడు. గోడల మీద రాసిన మాటలు, పుస్తకాల్లో గీతలు గీసిన మాటలు, ఒక్కటీ సాయానికి రాలేదు.

"కదలకు బాబూ, అచ్చు చెడిపోద్ది" అంది సైదమ్మ. నాలుగు రోజుల తర్వాత అదే మొదటి మాట. కొంగు మాత్రం చెంప మీదే ఉంది.

సాయంత్రం ఏకాంబరం అచ్చు పగలగొట్టాడు. తెల్లటి చెయ్యి బయటికొచ్చింది. గోరు పక్క గాటుతో సహా విప్లవ్‌దే. చూపుడువేలు సగానికి వంగి, లోపలికి తిరిగి ఉంది.

"పాడు చేశాను గురువుగారూ. మళ్ళీ తీద్దామా?"

ఏకాంబరం ఆ చేతిని అటూ ఇటూ తిప్పి చూశాడు. కొంగుతో దుమ్ము తుడిచినంత మెల్లగా దాని మీది పొడి తుడిచి, శిష్యుడి చేతుల్లో పెట్టాడు.

"తామ్రాక్షుడికి పనికిరాదు" అన్నాడు. "నువ్వు ఉంచుకో."