మాణిక్యాంబ పేనిన వత్తి

వేళ్ళ అడుగున ఎవరి కంటా పడక కదలి, చిగురు కొసన పచ్చదనమై వెలువడే ఆ చల్లని శక్తికి ముందుగా మ్రొక్కు. తడి అందని మొక్కకూ, అందనివ్వని మనిషికీ కూడా ఆ తల్లియే దిక్కు. ఇక చెప్పబోయేది ధవళేశ్వరంలో కాలువ లాకుల మీద ఉద్యోగం చేసి విరమించిన భీమశంకరం గారి కథ. మా గురువులు తిరువేంగళాచార్యులవారు ఒక శిష్యునికి చెప్పగా, పక్కన కూర్చుండి విన్నాను.

ఆ శిష్యుని పేరు నరహరి. భార్య గతించి ఏడాది తిరగలేదు. తరళ అని ఒక్కతే కూతురు. ఆ వేసవి మధ్యాహ్నం అతడు ఒంటరిగా వచ్చి, నమస్కరించి, తాళంచెవి ఒకటి వ్రేళ్ళ మధ్య త్రిప్పుకొంటూ కూర్చున్నాడు.

"తరళను తీసుకురాలేదేం?" అన్నారు గురువులు.

"ఇంట్లో బొమ్మలు వేసుకుంటోందండీ. తాళం వేసి వచ్చాను." అతడే మళ్ళీ అన్నాడు. "సరిగా తినడం లేదు. మాటలు తగ్గించేసింది. సెలవులకు తీసుకువెళతానని వాళ్ళ పిన్ని నిన్న వచ్చింది. పంపలేదు. తల్లి కుట్టిన బట్టలున్నాయి, తల్లి నేర్పిన పాటలున్నాయి, ఆ గదిలో గాలి కూడా ఇంకా తల్లిదే. ఇంకొకరి చేయి పడితే అవన్నీ చెరిగిపోతాయి. కన్నతల్లి జ్ఞాపకం ఒక్కటీ బిడ్డను పెంచడానికి చాలదా గురువుగారూ?"

గురువులకు ప్రశ్నకు ఎదురు నిలిచి వాదించే అలవాటు లేదు. భుజం మీది ఉత్తరీయం తీసి, మడతలు విప్పి, మళ్ళీ అవే మడతలు పెట్టేవారు. ఆ పని ముగిసేసరికి వారికి ఏదో ఒక సంగతి గుర్తుకు వచ్చేది. ఆనాడు గుర్తుకు వచ్చినది ఇది.

భీమశంకరం గారు ఉద్యోగంలో ఉన్నంతకాలం ఒక నియమం పాటించారు. లాకు తలుపు ఎత్తి నీరు వదిలినంత మాత్రాన నీరిచ్చామని ఒప్పుకొనేవారు కారు. సైకిలెక్కి కాలువ గట్టు వెంట శివారు దాకా పోయి, చిట్టచివరి మడిలో మట్టిని పిడికిట పట్టి చూసి, అది చేతికి అంటుకొన్న తరువాతనే ఇంటికి వచ్చి అన్నం తినేవారు. ఆ ఆలస్యానికి భార్య మాణిక్యాంబ ఎన్నడూ విసుగుకొన్నది లేదు. "మా ఆయనకు నా వంట కన్నా ఊరివాళ్ళ బురద రుచి" అని మాత్రం నవ్వేది.

ఆమె ఒక ఆశ్వయుజ మాసంలో, మూడు పూటల జ్వరంతో వెళ్ళిపోయింది. వెళ్ళిపోతూ ఇంట్లో రెండు మిగిల్చింది. పూజగది గుమ్మం పక్కన, వరండా కిటికీ వెలుగు పడే చోట, మట్టికుండీలో మరువం మొక్క ఒకటి. రోజూ ఒక రెమ్మ తుంచి జడలో పెట్టుకొనేది. రెండవది, ఇత్తడి డబ్బాలో చుట్టగా చుట్టి పెట్టిన పొడుగాటి వత్తి. కార్తికంలో అఖండదీపం పెట్టాలని పత్తి గింజలు తీసి, పాలచుక్క అద్దుకొంటూ తానే పేనినది. కార్తికం వచ్చింది. భీమశంకరం గారు దీపం పెట్టలేదు. డబ్బా మూత కూడా తీయలేదు. మరువానికి మాత్రం పొద్దునా సాయంత్రమూ తన చేత్తో నీళ్ళు పోసేవారు. ఆ వాసన ఉన్నంతవరకు ఆమె ఇల్లు విడువలేదని వారి నమ్మకం.

మరుసటి వేసవిలో పాత ఉద్యోగమిత్రులు ఇంటికి వచ్చి, మనిషి ఇలా కుంగిపోరాదని, చల్లని చోట కొన్నాళ్ళు తిరిగివద్దామని, నీలగిరులకు ప్రయాణం కట్టారు. ఆయన ఎంత కాదన్నా వినలేదు.

మేడ మీద వారి ఇంటికీ పక్కింటికీ నడుమ వరండాలో ఇనుప ఊచల కటకటాలు అడ్డం. అవతల అచ్చాయమ్మ ఉండేది. మాణిక్యాంబతో కలిసి ఆవకాయలు కలిపిన మనిషి. ఆయన పెట్టె సర్దడం చూసి కటకటాల దగ్గరకు వచ్చింది.

"తాళం నాకిచ్చి వెళ్ళండి అన్నయ్యగారూ, మొక్కలకు నీళ్ళు పోస్తాను."

"అక్కరలేదమ్మా. ఏర్పాటు చేశాను."

"ఏర్పాటేమిటి? వానకు కబురంపారా?"

"బతుకంతా ఊళ్ళకు ఊళ్ళు తడిపినవాణ్ణి. ఒక్క కుండీ తడపలేనా?"

"తడపగలరు. నీలగిరుల నుంచి మీ చెయ్యి ఎంత సాగుతుందా అని అడుగుతున్నాను. తాళమిస్తే మీ గోడలేమీ తినేయను లెండి."

ఆయన నవ్వలేదు. "ఆ మరువం మీద ఇంకొకరి చెయ్యి పడడం నాకు ఇష్టం లేదమ్మా" అని లోపలికి వెళ్ళిపోయారు.

ఆయన ఏర్పాటు ఇది. నిండు బిందె ఒకటి పీట మీద ఎత్తుగా పెట్టి, వత్తి ఒక కొస నీటిలో ముంచి, రెండవ కొస కుండీ మట్టిలో పాతిపెడితే, నూలు నీటిని పీల్చి చుక్కచుక్కగా మొక్కకు అందిస్తుంది. ఉపాయం మంచిదే, ఎందరో చేసేదే. అందుకు పాత పంచె అంచు చింపి తాడు పేనబోయి, ఆయన ఆగారు. ఇత్తడి డబ్బా గుర్తుకు వచ్చింది. ఆమె మొక్కకు ఆమె చేతి వత్తియే నీరు పట్టాలి అనిపించింది. మూత తీసేసరికి కన్నీరు అడ్డుపడి, వత్తిని సరిగా చూడనైనా లేదు, అది చేతికి ఎలా తగిలిందో గమనించనైనా లేదు. కళ్ళకద్దుకొని, ఒక కొస నీటిలో, ఒక కొస మట్టిలో ఉంచి, తలుపు వేసి, తాళంచెవి మొలకు కట్టుకొని బయలుదేరారు. శివారు మడి దాకా పోయి మట్టి పట్టి చూసే మనిషి, ఆనాడు గుమ్మం దగ్గరి కుండీలో వేలు పెట్టి చూడలేదు.

కొండల మీద ఆయన మనసు కుదుటబడిందని మిత్రులు చెప్పుకొన్నారు. పూలతోటలో నిలబడి ఒకనాడు, "ఈపాటికి మా మరువం గుబురెక్కి ఉంటుంది" అన్నారట.

తిరిగివచ్చి తలుపు తీసినప్పుడు ఆయనకు మరువం వాసన తగలలేదు. కుండీలో మట్టి బీటలు వారి ఉంది. మరువం నిలుచున్నది నిలుచున్నట్లే ఎండి, ముట్టుకొంటే పొడి అయింది. పక్కనే బిందె దాదాపు వదిలినంత నిండుగా ఉంది.

ఆయన వత్తిని పైకి లాగారు. నీటి బొట్లు దాని మీద నిలువక జారిపోయాయి. చేతికి జిడ్డు అంటుకొంది. ముక్కుకు దగ్గరగా తీసుకొంటే పాతబడిన ఆవునేతి వాసన. దీపం కొండెక్కకుండా వెలగాలని మాణిక్యాంబ దానిని నేతిలో నానబెట్టి దాచింది. నేయి పట్టిన నూలు నీటిని ఒక్క చుక్క కూడా తనలోకి రానీయలేదు.

వరండాలో క్రోటను మొక్కలు, ఆయన ఎన్నడూ పట్టించుకోనివి, పచ్చగా ఉన్నాయి. వాటి మొదళ్ళలో తడి ఇంకా ఆరలేదు. కటకటాల అవతల అచ్చాయమ్మ చెంబుతో నిలబడి ఉంది.

"ఊచల్లోంచి చెయ్యి పెట్టి, అందినంత మేరకు పోశాను అన్నయ్యగారూ" అన్నది. "లోపలిదానికి అందలేదు. కిటికీలోంచి రోజూ కనబడుతూనే ఉంది."

భీమశంకరం గారు మొలనుంచి తాళంచెవి విప్పి, కటకటాల సందులోంచి ఆమె చేతికి ఇచ్చారు. ఇంక అక్కరలేని తాళంచెవిని ఆమె ఏం చేయాలో తెలియక, చాలాసేపు అలాగే పట్టుకొని నిలబడిపోయింది.

గురువులు కథ ముగించి, మడిచిన ఉత్తరీయం భుజాన వేసుకొన్నారు. ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. నరహరి తల వంచుకొనే ఒక్క మాట అన్నాడు.

"వత్తి ఆమె చేతిదే కదండీ."

"ఆమె చేతిదే. ఆమె వెలుగుకని పేనింది. ఈయన దాన్ని నీళ్ళడిగారు."

నరహరి వ్రేళ్ళ మధ్య తిరుగుతున్న తాళంచెవి ఆగిపోయింది. గురువులు దానివంక చూసి, మెల్లగా అడిగారు.

"ఆ తాళంచెవి ఇంకొకటి ఉందా, నాయనా?"

ఈ కథ విన్నవారి ఇంట, వారు లేని వేళలందు కూడా, వాకిట ఒక చేయి చెంబుతో నిలిచి ఉండుగాక. ఆ చేయి లోపలి మొక్కకు అందుగాక.