పగ్గం వదిలిన రాకుమారుడు

అనగనగా ఒక రాజు. ఆ రాజుగారి ఊరు నిదానపురం. ఆ ఊళ్ళో వాళ్ళకి నిద్రంటే ఎంత ఇష్టమంటే, మధ్యాహ్నం భోజనాలు కాగానే కోట తలుపులు మూసేసి రాజూ బంటూ అందరూ ఒక్కసారే నడుం వాల్చేవాళ్ళు. వాళ్ళ గురక ఏడు సముద్రాలు దాటి అవతలి ఒడ్డుకి వినిపించేదట. చిక్కంతా అక్కడే వచ్చింది.

అవతలి ఒడ్డున కాకజంఘుడనే మాంత్రికుడున్నాడు. వాడి ప్రాణం ఒక చిలకలో ఉంది. ఆ చిలకని కత్తి కొయ్యదు, నిప్పు కాల్చదు. కానీ అది రెండు కళ్ళూ మూసి నిద్రపోయిందా, వాడి పని సరి. నిదానపురం గురక గాలిలో తేలి వచ్చినప్పుడల్లా చిలక తూగేది, మాంత్రికుడికి గుండె జారిపోయేది. చూసి చూసి ఓ రోజు వాడు ఆకాశమార్గాన వచ్చి, ఊరి నిద్రంతా మూటగట్టి తన జడలో ముడేసుకుని పోయాడు.

ఇక చూడండి పిల్లలూ ఆ ఊరి అవస్థ. ఒక్కరికి కంటిమీద కునుకు లేదు. వంటవాళ్ళు పులుసులో ఉప్పేశామో లేదో గుర్తులేక మళ్ళీ మళ్ళీ వేస్తున్నారు. కావలివాళ్ళు బల్లేలకి చేరగిలబడి, లోపలికి ఎవరు పోతున్నారో చూడడం మానేశారు. చంటిపిల్లలు ఏడ్చే ఓపిక కూడా లేక గుడ్లు మిటకరించి పడుకున్నారు. అందరికంటే రాణిగారి పరిస్థితి ఘోరం. ముందు ఆవిడకి మాట తడబడింది, తర్వాత నడక తడబడింది, ఆ తర్వాత మనుషుల్నే పోల్చుకోలేకపోయింది. వచ్చే పున్నమిలోగా ఆవిడ నిద్రపోకపోతే ఇక దక్కదని వైద్యుడు తేల్చేశాడు. ఆస్థాన జ్యోతిష్కుడు ఆవలిస్తూ ఆవలిస్తూ మాంత్రికుడి సంగతీ చిలక సంగతీ చెప్పాడు.

రాజుగారికి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ఘనకీర్తి, రెండోవాడు శుభకీర్తి, చిన్నవాడు లలితకీర్తి. ఇక సముద్రం మీద పరిగెత్తగల గుర్రం రాజుగారి గుర్రపుసాలలో ఒక్కటే ఉంది. ఉచ్చైశ్రవం వంశంలో పుట్టిందని చెప్పుకునే ముసలి ఆడగుర్రం. నుదుట గవ్వంత తెల్లమచ్చ ఉండడంతో దాన్ని గవ్వ అని పిలిచేవాళ్ళు.

నిదానపురం రాకుమారులు గుర్రమెక్కడానికి ఒక పద్ధతుంది. అది ఊరేగింపుల కోసం పుట్టిన పద్ధతి. ఛాతీ విరిచి, గడ్డం ఎత్తి, నడుం బిగించి, కాళ్ళు ముందుకి చాచి కూర్చోవాలి. పగ్గాలు రొమ్ముదాకా లాగిపట్టాలి. అప్పుడే గుర్రం మెడ వంచుతుంది, వీధిలో జనం ఆహా అంటారు. అది కదలకపోతే డొక్కలో మడమతో ఒక పోటు. దీనికి రాచస్వారీ అని పేరు. గుర్రానికి ఎలా ఉంటుందో అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

ముందు ఘనకీర్తి బయల్దేరాడు. మొదటి సముద్రం మీద అల లేవగానే భయపడి పగ్గం లాగాడు. గవ్వ తలెత్తింది, వీపు కుంగింది, ఇద్దరూ బుడుంగున మునిగారు. మీసాల్లో ఉప్పుతో ఇంటికొచ్చి ఆ గుర్రానికి మతి పోయిందన్నాడు. తర్వాత శుభకీర్తి కొరడా పట్టుకుని వెళ్ళాడు. కొట్టి కొట్టి మూడో సముద్రం దాకా తోలాడు. అక్కడ ఒక పక్కకి ఒరిగి కొరడా ఎత్తేసరికి గవ్వ కాలు నీళ్ళలో దిగబడింది. ఆయన విరిగిన చేతికి కట్టుతో వచ్చి, ఆ గుర్రం మొండిదన్నాడు.

మిగిలింది లలితకీర్తి. వాడి మీద ఎవరికీ ఆశ లేదు, వాడికీ లేదు. సెలవు తీసుకుందామని తల్లి దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ మంచం మీద కూర్చుని దుప్పటి అంచు మడతపెడుతోంది, విప్పుతోంది, మళ్ళీ మడతపెడుతోంది.

"ఎవరు బాబూ నువ్వు? మా చిన్నవాడు కనిపించాడా? పొద్దుననగా వెళ్ళాడు, ఇంకా అన్నానికి రాలేదు" అంది.

లలితకీర్తి ఆవిడ కాళ్ళకి దండం పెట్టి సాలకి నడిచాడు.

గవ్వనెక్కి సముద్రం ఒడ్డు చేరేసరికి వాడిలో ఓపిక పూర్తిగా అయిపోయింది. ఛాతీ విరవడానికి ఛాతీలో ఏముంది గనక? చేతులు వాటంతటవే కిందికి జారాయి, పగ్గాలు వదులయ్యాయి. గుర్రం నాలుగడుగులు వేసి, పెద్దగా నిట్టూర్చి, "అమ్మయ్య" అంది.

లలితకీర్తి ఉలిక్కిపడ్డాడు. మాటలొచ్చినదానివి ఇన్నేళ్ళూ ఎందుకు మాట్లాడలేదని అడిగాడు.

"నోట్లో ఇనుము పెట్టి ఇద్దరు మనుషుల బలంతో లాగుతుంటే మాటెలా వస్తుంది నాయనా?" అంది గవ్వ. దానికీ నిద్ర లేదు, దాని గొంతూ బొంగురుగానే ఉంది. "నాకు కోపమేం లేదులే. కోపానికి కూడా ఓపిక కావాలి. మీ అమ్మ నా చిన్నప్పుడు నా తల ఒళ్ళో పెట్టుకుని బెల్లం పెట్టిన మనిషి. ఆవిడ కోసమైనా అవతలికి చేరాలి. నువ్వు కూర్చునే తీరు మాత్రం మార్చుకోవాలి."

మొదటి రెండు సముద్రాల మీద గవ్వ వాడికి కూర్చోవడం నేర్పింది. కాళ్ళు ముందుకి చాచకు, నీ కిందే ఉంచుకో అంది. "ఈ క్షణం నేను మాయమైపోయాననుకో. నువ్వు నీ కాళ్ళమీద నిలబడాలి గానీ చతికిలబడకూడదు. అదీ లెక్క." వాడు తుంటి కిందికి మడమ తెచ్చుకున్నాడు, మోకాలి బిగువు సడలించాడు, నడుముని దాని నడకతో పాటు ఊగనిచ్చాడు. తొడలు నొప్పెట్టాయి, వీపు పులిసిపోయింది. రెండుసార్లు పక్కకి ఒరిగి ఇద్దరూ మోకాళ్ళ దాకా తడిశారు. గవ్వ మళ్ళీ మొదటినుంచీ నడిచింది.

తర్వాతి రెండు సముద్రాల మీద చేతుల పాఠం. పగ్గాల్ని కోడిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకోమంది, పారిపోకూడదు, నలగకూడదు. ఆ తర్వాత రెండింటి మీద ఊపిరి పాఠం. నువ్వు ఊపిరి బిగిస్తే నాకు ఎదుట పులి కనపడినట్టే అంది. ఆగమని చెప్పాలంటే ఊపిరి వదలమంది. ఎటు పోవాలో అటు చూస్తే చాలంది, చూపు తిరిగితే నడుం తిరుగుతుంది, నడుం తిరిగితే తన వీపుకి తెలుస్తుంది. ఆరో సముద్రం చివర లలితకీర్తి దూరంగా ఒక నల్లరాయిని చూశాడు, అంతే. మాట లేదు, పగ్గం కదల్లేదు. గవ్వ నేరుగా ఆ రాయి దగ్గరికి వెళ్ళి ఆగింది. వాడికి ఆ అలసటలోనూ నవ్వొచ్చింది.

ఏడో సముద్రం దాటాక మాంత్రికుడి కోట. అప్పుడు మాంత్రికుడు కొండ మీద మూలికల కోసం తిరుగుతున్నాడు. లలితకీర్తి లోపలికి వెళ్ళి చూస్తే, ఒక గదిలో చిలక, దాని ఎదుట ఒక అమ్మాయి. పేరు వకుళ, మాంత్రికుడు ఎత్తుకొచ్చిన వేరే దేశపు రాకుమారి. చిలక తూగినప్పుడల్లా పచ్చిమిరపకాయ తినిపించడం ఆమె పని. వేళ్ళన్నీ మంటతో ఎర్రబడి ఉన్నాయి. చిలక కాళ్ళకి మువ్వలున్నాయి, అవి మోగుతుంటే అది మేలుకుని ఉందని మాంత్రికుడికి ఎంత దూరానైనా తెలుస్తుంది. అవి కదిలి పోతుంటే కూడా తెలుస్తుంది.

"చాలామంది దీన్ని ఎత్తుకుపోయారు. భయంతో గుర్రాన్ని ఎగిరెగిరి తోలారు. ఆ కుదుపులకి ఇది నిద్రపోతుందా? మాంత్రికుడు వెంటపడి దీన్ని వెనక్కి తెచ్చుకున్నాడు, వాళ్ళలో ఏ ఒక్కరూ దక్కలేదు" అని వకుళ చెప్పింది.

మాతో రమ్మని లలితకీర్తి ఆమెని వెనక ఎక్కించుకున్నాడు. చిలకని భుజం మీద పెట్టుకున్నాడు. గవ్వ సముద్రం మీదికి అడుగేసింది. ఘల్లుఘల్లుమని మువ్వలు మోగాయి.

కాసేపటికి వెనక గాలి లేచింది. మాంత్రికుడు సుడిగాలై వస్తున్నాడు. లలితకీర్తికి ఊపిరి బిగిసింది. వెంటనే గవ్వ నడక చెడింది, చిలక రెక్కలు కొట్టుకుంది. వాడు మెల్లగా ఊపిరి వదిలాడు. భుజాలు దించాడు. నడుముని మళ్ళీ ఊగనిచ్చాడు. నడక కుదుటపడింది.

వెనకనుంచి పెద్దన్న గొంతు వినిపించింది. మునిగిపోతున్నాను, చెయ్యి అందించమంది. చూపు తిరిగితే గవ్వ కూడా వెనక్కి తిరుగుతుందని వాడికి తెలుసు. వాడు తిరగలేదు. రాజుగారి గొంతు వినిపించింది. ఇది నా ఆజ్ఞ, ఆగమంది. వాడు తిరగలేదు. మూడోసారి తల్లి గొంతు.

"లలితూ, నా చిట్టి తండ్రీ, ఒక్కసారి ఇటు చూడరా."

అయ్యో, ఆ పిలుపు వినడానికే కదా వాడు ఇంత దూరం వచ్చింది. వాడి మెడ సగం తిరగబోయింది. అప్పుడు గుర్తొచ్చింది, ఆవిడకి ఇప్పుడు తన పేరు తెలియదు. పేరు పెట్టి పిలిచిందంటే అది అమ్మ కాదు. కళ్ళనుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి, చూపు మాత్రం ఇంటివైపే పెట్టాడు. చేతులు వణకలేదు, నడుం బిగియలేదు. గవ్వ ఉయ్యాలలా సాగిపోయింది.

మువ్వలు ఒకసారి మోగాయి. ఆగి ఇంకోసారి మోగాయి. తర్వాత మోగలేదు. చిలక తల వాడి మెడ మీద వాలింది, రెండు కళ్ళూ మూతపడ్డాయి. వెనక సముద్రంలో ఏదో బరువుగా పడిన చప్పుడైంది. మాంత్రికుడి జడ ముడి ఊడి, మూట విచ్చుకుని, నిదానపురం నిద్రంతా వెచ్చటి గాలిలా వాళ్ళని దాటుకుని ఇంటివైపు పోయింది. వాళ్ళ వాటా కూడా ఆగకుండా వెళ్ళిపోయింది, వాళ్ళ పక్కల మీద కాచుకుని కూర్చోవడానికి కాబోలు.

పున్నమి ముందురోజు మధ్యాహ్నం వాళ్ళు ఊరు చేరారు. ఎదురొచ్చినవాడు లేడు, మేళం లేదు, హారతి లేదు. కావలివాళ్ళు గుమ్మంలోనే పడి నిద్రపోతున్నారు. రాజుగారు సింహాసనంలో పక్కకి ఒరిగి గురకపెడుతున్నారు. వకుళని ఒక మెత్తటి పరుపు మీద పడుకోబెట్టి, గవ్వకి కళ్ళెం తీసి గడ్డి పరిచి, లలితకీర్తి తల్లి గదికి వెళ్ళాడు. ఆవిడ నిద్రపోతోంది. వాడు మంచం పక్కన నేలమీద కూర్చున్నాడు. కళ్ళు మండుతున్నాయి, అయినా మూయలేదు. ఆవిడ లేచాక తనని ఎవరనుకుంటుందోనన్న దిగులు వాడిని కూర్చోబెట్టింది.

మర్నాడు పొద్దెక్కాక రాణిగారు కళ్ళు తెరిచింది. వాడివైపు చాలాసేపు చూసింది.

"ఎంత చిక్కిపోయావురా లలితూ. అన్నం తిన్నావా?"

వాడు ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని అక్కడికక్కడే నిద్రపోయాడు.

వాడికీ వకుళకీ పెళ్ళి కుదిరింది, ముహూర్తం మాత్రం వాడు లేచేదాకా ఆగింది. వకుళ ఇంకో రెండు రోజులు ఎక్కువే పడుకుంది, పురోహితుడు పాపం మళ్ళీ పంచాంగం తిరగేశాడు. ఆ తర్వాత వాళ్ళు చాలాకాలం రాజ్యం ఏలారు, పిల్లాపాపలతో చల్లగా ఉన్నారు. గవ్వ వీపు మీద మళ్ళీ ఎవరూ జీను వెయ్యలేదు. కథ దాని దారిన అది వెళ్ళిపోయింది, మన దారి ఇక పక్కల మీదికే. తల కిందికి దిండు సర్దుకోండి నాయనలారా, నాకూ కళ్ళు మూతలు పడుతున్నాయి.