ఆలస్యంగా మాట దొరికే రాకుమారుడు

అనగనగా కుందగిరి అనే రాజ్యం. దాన్ని ఏలే రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయకేతు, నడిమివాడు వీరకేతు. ఇద్దరూ అడగక ముందే జవాబు చెప్పేసే రకం. చిన్నవాడు చిత్రకేతు. వాడికి అన్నీ తెలుసు, పేర్లే సమయానికి నోటికి రావు. గొడ్డలిని చూసి, "అదే... అది... చెట్లు కొట్టేది" అనేవాడు. సభంతా నవ్వేది. గురువు, "వీడు మందబుద్ధి, మహారాజా!" అని తేల్చేశాడు.

"ఆగండి. నన్నొకసారి చూడనివ్వండి" అంది వాణ్ణి పెంచిన నాంచారవ్వ.

ఆమె నేల మీద నలభై వస్తువులు పరిచి, "గొడ్డలి ఏదయ్యా?" అనడిగింది. చటుక్కున చూపించాడు. "చెంబు?" చూపించాడు. నలభైలో ఒక్కటీ తప్పలేదు. తర్వాత ఒక్కొక్కటే చేతికి తీసుకుని, "దీని పేరు?" అంది. సగానికి పైగా వాడు ఆగిపోయాడు. గొడ్డలి దగ్గర అవ్వ "గొ..." అని అందించింది. "గొడ్డలి!" అని అరిచాడు.

"మాట లోపల ఉంది మహారాజా. వెతుక్కోవడానికి వేళ పడుతోంది, అంతే."

అవ్వ వాడికి మూడు పనులు నేర్పింది. మాట రాకపోతే, ఆ వస్తువు దేనికి పనికొస్తుందో చెప్పాలి. ఎక్కడ ఉంటుందో చెప్పాలి. అప్పటికీ రాకపోతే మొదటి అక్షరం వెతకాలి. ఏళ్ళ తరబడి రోజూ సాధన చేయించింది.

చిత్రకేతుకు ఇరవయ్యేళ్ళు నిండిన ఏడాది, కరాళుడనే మాంత్రికుడు పొరుగు దేశపు రాకుమారి వైజయంతిని ఎత్తుకుపోయాడు. విడిపించడానికి వెళ్ళిన అన్నలిద్దరూ తిరిగి రాలేదు.

"నేను వెళ్తాను నాన్నగారూ."

"నీకు మాటే రాదు కదా నాయనా!"

"వస్తుంది. ఆలస్యంగా వస్తుంది" అన్నాడు చిత్రకేతు.

సముద్రతీరంలో ఒక ముసలి తాబేలు, "ఎక్కడికయ్యా?" అనడిగింది.

"అదే... చుట్టూ నీళ్ళు... మధ్యలో నేల..."

తాబేలు మెడ చాచి అలాగే చూస్తూ ఉంది.

"ద్వీపం! కరాళుడి ద్వీపం."

"ఎక్కు. మాట కోసం ఆగినవాడివి, దారిలో తొందరపడవు" అంది తాబేలు.

ఏడు సముద్రాలు దాటుతూ అది రహస్యం చెప్పింది. కరాళుడి ప్రాణం ఒక చిలుకలో ఉంది. ఆ పంజరం ముందు మూడు మూసిన కుండలు. లోపల చెయ్యిపెట్టి, తడిమి, వస్తువుల పేర్లు చెబితే పంజరం తెరుచుకుంటుంది. తప్పు చెప్పినా, పొద్దు గుంకేలోపు చెప్పకపోయినా రాయైపోతారు.

ద్వీపం చేరేసరికి పంజరం పక్కనే అన్నలు రాళ్ళై నిలబడి ఉన్నారు.

"పెద్దవాడు ముట్టుకోగానే తాడన్నాడు. రెండోవాడూ అంతే తొందరపడ్డాడు. నువ్వేమంటావు?" అని నవ్వాడు కరాళుడు.

చిత్రకేతు మొదటి కుండలో ఆ చివర నుంచి ఈ చివర దాకా తడిమాడు. "తాడులాగే ఉంది. కానీ పిడి ఉంది. గుర్రాలను అదిలించేది... కొరడా!"

రెండో కుండ. "చుట్టూ అంచు, నిండా చిల్లులు. పిండిలో నలకలు తీసేది... జల్లెడ!"

మూడో కుండలో చెయ్యి పెట్టగానే అదేమిటో తెలిసిపోయింది. పేరు మాత్రం రాలేదు. "మజ్జిగ చేసేది. వంటింట్లో ఉంటుంది." ఉహూఁ, రాలేదు. సూర్యుడు నీటిని తాకాడు. "చెప్పు! చెప్పు!" అని అరిచాడు కరాళుడు. చిత్రకేతు కాళ్ళు చల్లబడి రాయిలా బిగుసుకుంటున్నాయి. అయినా చెయ్యి తియ్యలేదు. అక్షరాలు ఒక్కొక్కటే పలికి చూశాడు. "ప... చ... త... క... క... కవ్వం!"

పంజరం తెరుచుకుంది. చిలుక మెడ పట్టుకున్నాడు. "నా అన్నలను మనుషులను చెయ్యి. రాకుమారిని వదులు." కరాళుడు చెప్పినట్టే చేశాడు. కానీ మరుక్షణమే మళ్ళీ మంత్రం ఎత్తుకున్నాడు. చిత్రకేతు చిలుక మెడ నులిమేశాడు. మాంత్రికుడు అక్కడికక్కడే కూలిపోయాడు.

వైజయంతి అంతా చూసింది. అతన్నే పెళ్ళాడతానంది. అందరూ తిరిగొచ్చాక కుందగిరిలో ఐదు రోజుల పెళ్ళి జరిగింది. గృహప్రవేశం నాడు ఆడపిల్లలు గుమ్మానికి అడ్డం నిలబడి, "పెళ్ళికూతురి పేరు చెప్పందే లోపలికి పంపం!" అన్నారు.

చిత్రకేతు నోరు తెరిచాడు. పేరు రాలేదు. సన్నాయి ఆగిపోయింది. ఎవరూ నవ్వలేదు, ఎవరూ అందించలేదు. పెళ్ళికూతురు నిదానంగా అతని వైపు చూస్తూ నిలబడింది.

"ఏడు సముద్రాల అవతల నా కోసం ఆగింది. ఇప్పుడూ ఆగింది. వై... వైజయంతి!"

ఇద్దరూ కుడికాలు పెట్టి లోపలికి వెళ్ళారు. తండ్రి తర్వాత, అన్నల ఇష్టంతోనే, పిల్లాపాపలతో డెబ్బై ఏళ్ళు ఆ రాజ్యాన్ని చల్లగా ఏలారు.