ఓడిపోవడం రాని మహారాజు

వెనకటికి గండికొలను అని ఒక చిన్న రాజ్యం ఉండేది. ఏడు పల్లెలు, ఒక పెద్ద చెరువు, ఆ చెరువు కింద పొలాలు, అంతే ఆ రాజ్యం. దాన్ని ప్రచండవర్మ అనే రాజు ఏలేవాడు. మనిషి చెడ్డవాడు కాడు. ఆకలని వచ్చినవాణ్ణి ఉత్తచేతులతో పంపేవాడు కాడు. కానీ తనను మించిన వీరుడు భూమ్మీద పుట్టలేదని ఆయనకు గట్టి నమ్మకం.

ఏటా మార్గశిర మాసంలో, చెరువు నిండాక, చౌడమ్మ తల్లి జాతర జరిగేది. ఆ జాతరలో ఏడు పల్లెలవాళ్ళూ రాతిగుండు ఎత్తేవారు, ఉట్టి కొట్టేవారు, చెడుగుడు ఆడేవారు. ఏ పల్లె గెలిస్తే ఆ పల్లె పొలాలకు చెరువు నీళ్ళు ముందుగా వదలాలి. దాన్ని మొదటి తడి అనేవారు. రాజుగారి తాత పెట్టిన కట్టుబాటు అది.

మూడేళ్ళ కిందట ప్రచండవర్మకు తాను కూడా ఆడాలని బుద్ధి పుట్టింది. పంచె ఎగగట్టి బరిలోకి దిగాడు. ఆ మొదటి రోజే చెడుగుడులో ఎర్రమల్లు అనే రైతు రాజుగారి మడమ పట్టుకుని కింద పడేశాడు. రాజు లేచి, దుమ్ము దులుపుకుని, "ఇంతటి వీరుడు పొలంలో ఉండటమేమిటి? సరిహద్దు కోటలో ఉండాలి" అన్నాడు. మర్నాడు తెల్లవారేసరికి ఎర్రమల్లు భార్యాబిడ్డలను వదిలి నాలుగు రోజుల దూరంలో ఉన్న కోటకు కాపలా పోయాడు. రాజు దాన్ని సన్మానమనే అనుకున్నాడు. పల్లెలవాళ్ళు మాత్రం అలా అనుకోలేదు.

అంతే, ఆ రోజు నుంచి రాజును ఓడించినవాడు లేడు. గెలిచింది రాజు కాబట్టి మొదటి తడి రాజుగారి పూలతోటకు పోయేది. పది రోజులు తోట తడిసేది. తరవాత వంతులవారీగా పల్లెలకు వదిలేసరికి చెరువు సగానికి దిగేది. కాలవ చివరన ఉన్న నల్లగుట్టపల్లెకు బురద తప్ప నీళ్ళు అందేవి కావు.

ఆ ఆటలకు తీర్పరి కదిరప్ప. రాజు కొలువులోనే ఉండేవాడు. నలభై ఏళ్ళవాడు, సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో ఆలోచిస్తున్నట్టు ఉండేవాడు. గీతలు గీయడం, తప్పొప్పులు చెప్పడం, చివరికి తప్పెట కొట్టించి "జయం మహారాజులవారిది" అని కేకవేయడం అతని పని. మూడేళ్ళుగా ఆ కేక వేసిన ప్రతిసారీ అతను జనం మొహాలు చూడకుండా తప్పెటకేసి చూసేవాడు.

నాలుగో ఏడు జాతర రెండు రోజులుందనగా కదిరప్ప చెల్లెలు అచ్చమ్మ వచ్చింది. ఆమెను ఇచ్చింది నల్లగుట్టపల్లెకే. ఒళ్ళో మూటగట్టి తెచ్చిన వరికంకులు అన్న ముందు పోసింది. నలిపి చూస్తే అన్నీ తాలే, లోపల గింజ లేదు.

"ఇవి నిరుటివన్నా. దాచిపెట్టాను, నీకు చూపిద్దామని" అంది. "ఈ ఏడు కూడా జయం జయమని అరుస్తావా?"

"అరవకపోతే ఏం చెయ్యమంటావమ్మా?"

"అది నాకేం తెలుసు? తెలివిగలవాడివని కదా కొలువులో పెట్టుకున్నారు!" అని ఆమె మంచినీళ్ళైనా తాగకుండా వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం కొలువులో రాజు హుషారుగా ఉన్నాడు. "కదిరప్పా! మన రాజ్యంలో నేను గెలవలేని ఆట ఏదైనా ఉందా?" అని అడిగాడు. లేదు ప్రభూ అనే జవాబు కోసం మీసం మీద చెయ్యి వేసుకుని మరీ కూర్చున్నాడు.

"ఒకటుంది ప్రభూ" అన్నాడు కదిరప్ప.

రాజు చెయ్యి మీసం మీదే ఆగింది.

"ఏమిటది?"

"ఓడిపోయే ఆట. తమరు ఎంత ప్రయత్నించినా ఓడిపోలేరు."

రాజు పకపకా నవ్వాడు. "అదీ ఒక విద్యేనా? చేతకానివాడెవడైనా ఓడిపోతాడు."

"అంత సులువేం కాదు ప్రభూ. మన పల్లెల వాళ్ళు మూడేళ్ళ నుంచి సాధన చేస్తున్నారు. ఆ విద్యలో వాళ్ళు ఆరితేరిపోయారు."

ఆ మాటలోని పదును రాజుకు తగల్లేదు. పౌరుషం మాత్రం పొడుచుకొచ్చింది. "సరే, పందెం! ఈ జాతరలో మూడు ఆటల్లో ఒక్కటైనా ఓడి చూపిస్తాను. ఓడితే నువ్వు కొలువు వదిలిపోవాలి. ఓడలేకపోతే నీకేం కావాలో కోరుకో."

"చిత్తం. కానీ ఒక్క షరతు. ఆటలో ఆజ్ఞలు చెల్లవు. నన్ను ఓడించండి అని తమరు అనకూడదు."

"నేనెప్పుడైనా ఆజ్ఞలు జారీచేసి గెలిచానా? అలాగే! పైగా ఈ పందెం సంగతి కొలువు దాటి పోకూడదు. వాళ్ళు ఎప్పటిలా గెలవాలనే ఆడతారు, నేను హాయిగా ఓడిపోతాను" అన్నాడు రాజు, తన ఎత్తుకు తానే మురిసిపోతూ.

కదిరప్ప ఇంటికి వెళ్ళాడు గాని అన్నం సయించలేదు. ఎవడైనా ధైర్యవంతుడు పొరపాటున రాజును ఓడిస్తే తన బతుకు తెల్లారినట్టే.

జాతరనాడు మైదానమంతా జనం. బొంగరాలవాళ్ళు, వామనగుంటల పీటలు అమ్మేవాళ్ళు, పసుపు కుంకుమ అంగళ్ళు. నడుమ ముగ్గుపిండితో కదిరప్ప గీసిన బరి.

మొదట రాతిగుండు. రాజు గుండు దగ్గరికి వెళ్ళి, ఒక్క వేలితో దాన్ని తాకి, "అబ్బే, నా వల్ల కాదు" అని పక్కకు వచ్చాడు. కదిరప్పకేసి చూసి కన్ను గీటాడు కూడా.

తరవాత వచ్చినవాడు వెంకటాద్రి. బండి ఇరుసు విరిగితే భుజం పెట్టి బండినే లేపే మనిషి. అతను గుండు దాకా నడిచాడు. రాజు ఎత్తలేనిదాన్ని తను ఎత్తడమా? గుండుకు రెండడుగుల దూరంలో కాలు మడత పడినట్టు కూలబడి, "అమ్మో, నడుం పట్టేసింది!" అని మూలిగాడు. మిగిలినవాళ్ళకూ ఒకరి తరవాత ఒకరికి నడుములు పట్టేశాయి.

కదిరప్ప తప్పెట కొట్టించాడు. "గుండును తాకినవారు ఒక్క మహారాజే. జయం మహారాజులవారిది!"

రాజు మొహం కాస్త మాడింది.

రెండోది ఉట్టి. ఎత్తయిన గుంజ మీంచి తాడు, తాడుకు పసుపునీళ్ళ కుండ. తాడు లాగేవాడు కుండను పైకీ కిందికీ ఆడిస్తుంటే కర్రతో కొట్టాలి. రాజు కుండకు వీపు తిప్పి నిలబడి, కర్రను ఊరికే భుజాన వేసుకుని ఆకాశంకేసి చూస్తున్నాడు.

తాడు పట్టుకున్నవాడికి చెమటలు పట్టాయి. కుండ పగలకపోతే తప్పు తన మీదికి వస్తుందేమోనని భయం. మెల్లిగా తాడు వదిలాడు. కుండ జాగ్రత్తగా కిందికి దిగి, రాజుగారి భుజం మీది కర్రను వెతుక్కుంటూ వచ్చి, దాని కొనకు తగిలి ఫట్టుమని పగిలింది. పసుపునీళ్ళు రాజు కిరీటం మీంచి గడ్డం దాకా కారాయి.

"జయం మహారాజులవారిది!" అన్నాడు కదిరప్ప.

జనం చప్పట్లు కొట్టారు. మీసాల మీంచి నీళ్ళు పిండుకుంటున్న రాజుకు ఎందుకో ఆ చప్పట్లు మొదటిసారి బోలుగా వినిపించాయి.

ఇక చెడుగుడు. రాజు కూత పెడుతూ అవతలి బరిలోకి నేరుగా నడిచాడు. నడిమధ్యలో ఆగాడు. కాలు చాచాడు, ఎవరూ పట్టుకోలేదు. కూత ఆపేసి ఊపిరి పీల్చుకున్నాడు. కూత ఆగినవాణ్ణి అవతలివాళ్ళు ముట్టుకుంటేనే పోయినట్టు, ఎవరూ ముట్టుకోలేదు. చివరికి చతికిలబడ్డాడు. ఏడుగురు ఆటగాళ్ళూ వెనక్కి వెనక్కి జరిగి, గీత దాటి, బరి బయట నిలబడ్డారు. గీత దాటినవాడు ఆట పోగొట్టుకున్నట్టే కదా! ఏడుగురూ పోయారు. బరిలో మిగిలింది రాజు ఒక్కడే.

ఆయన లేచాడు. గీత అవతల నిలబడ్డ గంగులు అనే పాతికేళ్ళ రైతు దగ్గరికి వెళ్ళి, నెమ్మదిగా అడిగాడు. "నేను చతికిలబడి ఉన్నాను కదా. ఎందుకు పట్టుకోలేదు?"

గంగులు కదిరప్పకేసి చూశాడు. కదిరప్ప తల దించుకున్నాడు.

"నిజం చెప్పవయ్యా. ఇది ఆజ్ఞ కాదు, అడుగుతున్నాను" అన్నాడు రాజు.

"పట్టుకుంటే సరిహద్దు కోటకు పోవాలి ప్రభూ" అన్నాడు గంగులు. "ఎర్రమల్లు పోయి మూడేళ్ళయింది. వాడి బిడ్డ నడక నేర్చింది, వాడు చూడలేదు. నాకు కళ్ళు కనపడని తల్లి ఉంది. నేను పోతే ఆమెకు దిక్కు లేదు."

రాజు వెనక్కి తిరిగాడు. ఎత్తని గుండును, కుండ పెంకులను, బరి బయట నిలబడ్డ ఏడుగురినీ ఒక్కొక్కటిగా చూశాడు.

"అంటే ఈ మూడేళ్ళూ..." అని ఆగిపోయాడు.

గడ్డం మీది పసుపునీళ్ళు తుడుచుకుని, "కదిరప్పా, తీర్పు చెప్పు" అన్నాడు.

కదిరప్ప బరి మధ్యకు వచ్చాడు. "మూడు ఆటలూ మహారాజులవారు గెలిచారు. కాబట్టి నాతో వేసిన పందెం ఓడిపోయారు."

రాజు కళ్ళు ఒక్కసారి మెరిశాయి. అభిమానం అంత తొందరగా చస్తుందా! "ఆగు! పందెం దేని మీద? ఓడిపోవడం మీద. ఇప్పుడు నేను ఓడిపోయానని నువ్వే అన్నావు. ఓడిపోయాను కాబట్టి గెలిచాను! దీనికేమంటావు?"

కదిరప్ప వినయంగా చేతులు కట్టుకున్నాడు. "నిజమే ప్రభూ. మూడేళ్ళలో తమరు ఎవరి దయా లేకుండా గెలిచిన ఆట ఇదొక్కటే. జయం మహారాజులవారిదని చాటించమంటారా?"

రాజు నోరు తెరిచాడు. అలాగే నిలబడి ముందు ముక్కుతో, తరవాత పొట్టతో, చివరికి ఒళ్ళంతా కదిలేలా నవ్వాడు. పసుపునీళ్ళు కళ్ళలోకి కారుతున్నా నవ్వు ఆగలేదు.

"చాటించకయ్యా బాబూ! నేనే ఓడాను. ఏం కావాలో కోరుకో."

"ఈ ఏడు మొదటి తడి నల్లగుట్టపల్లెకు ఇప్పించండి. ఇక మీదట తమ తోటకు బావి నీళ్ళు చాలు. ఎర్రమల్లును ఇంటికి పిలిపించండి."

"ఇవన్నీ నేను చేయవలసిన పనులు. నీకు?"

"తమరు ఇంకొక్కసారి కూతకు వెళితే చూడాలని ఉంది ప్రభూ."

రాజు కిరీటం తీసి మంత్రి చేతికిచ్చి, భుజం మీది శాలువా నడుముకు బిగించాడు. జనంకేసి తిరిగి, "చౌడమ్మ తల్లి సాక్షిగా చెబుతున్నాను. ఈ బరిలో నన్ను పట్టినవాణ్ణి ఎక్కడికీ పంపను" అని, కూత పెట్టి బరిలోకి దూకాడు.

ఏడుగురూ మొహమొహాలు చూసుకున్నారు. ముందుగా కదిలింది గంగులే. రాజు పక్కకు తప్పుకునే లోపల ఒక్క ఉరుకున కిందికి వంగి కాలు దొరకబుచ్చుకున్నాడు. రాజు దభీమని బోర్లా పడ్డాడు. మీద మిగిలిన ఆరుగురూ పడ్డారు. దుమ్ము లేచింది. దుమ్ములోంచి రాజుగారి కూత వినిపించి, సన్నగిల్లి, ఆగిపోయింది.

ఆరుగురూ లేచారు. గంగులు మాత్రం కాలు వదల్లేదు.

"అయిపోయిందయ్యా, వదులు!" అన్నాడు రాజు, నోట్లో మట్టి ఉమ్ముతూ.

"తీర్పరి చెప్పందే వదలకూడదు ప్రభూ. ఆట ధర్మం."

"కదిరప్పా! తొందరగా చెప్పవయ్యా!"

కదిరప్ప కండువాతో మొహం తుడుచుకుని, తీరిగ్గా బరి చుట్టూ ఒకసారి నడిచి వచ్చాడు. "కొంచెం ఆలోచించుకోనివ్వండి ప్రభూ. ఇలాంటి తీర్పు చెప్పి చాలా కాలమైంది. మాటలు గుర్తుకు రావడం లేదు."

ఆ మాటకు ఏడు పల్లెల జనమూ గొల్లున నవ్వారు. అందరికంటే గట్టిగా, నేల మీద బోర్లా పడి, ఒక కాలు గంగులు చేతిలో ఉండగా, నవ్వింది మహారాజే. నవ్వుతూనే నడుముకు బిగించిన పట్టు శాలువా లాగి కదిరప్పకేసి విసిరాడు.